దర్వాజకు రంగు కన్నా ముందు

"చారన్నా, దర్వాజకు, తలుపులకు రంగేయించాలె. ఎంతయితది?"

దసరా దగ్గరపడే కొద్దీ నాకు వచ్చే ఫోన్లన్నీ ఇవే. గీకడానికి ఎంతవుతుందని మాత్రం ఎవరూ అడగరు. ఏ కంపెనీ రంగు, ఏ షేడు, మెరుపు ఉండాలా వద్దా అన్న దాని మీద ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో మాట ఉంటుంది. ఆ రంగు కింద ఉండే కట్టె ఆరిందా, పుచ్చిందా, నూనె పీల్చిందా అంటే "అదంతా పెయింటర్ సూసుకుంటడు" అంటారు. పెయింటర్ చూసుకోడు. అందులో అతని తప్పు కూడా పెద్దగా లేదు.

పెయింటర్‌కు మనం పని గుత్తకు ఇస్తాం. అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటాం. పని అయ్యాక టేపు పట్టి రంగు పడిన అడుగులు కొలిచి పైసలు లెక్కపెడతాం. పాత దర్వాజ ఒకటి గీకి, కడిగి, ఆరబెట్టి, పాడైన చోట అతుకు వేసి, ప్రైమర్ కొట్టి, లప్పం పెట్టి, మళ్లీ ఉప్పు కాగితం పట్టేసరికి వారం గడిచిపోతుంది. రంగు వేసేది రెండు పూటలు. కూలి ఆ రెండు పూటలకే కట్టి, వారం పని ఉచితంగా చేయమంటే ఎవరు చేస్తారు? చీపురుతో దుమ్ము దులిపి, ఊడివచ్చే పెచ్చుల మీద పట్టీ ఒకసారి ఆడించి, మిగతా పాత రంగు మీదే కొత్త రంగు పూసి వెళ్లిపోతాడు. దీపావళి దాకా దర్వాజ మెరుస్తుంది. మళ్లీ వానలు పడేసరికి పొక్కులు లేస్తాయి. అందుకే నా దగ్గరికి వచ్చిన వాళ్లందరికీ మొదట చెప్పేది ఒకటే. గీకుడు పనికి దినకూలి వేరేగా ఇవ్వండి, రంగుకు గుత్త వేరేగా మాట్లాడండి. ఒకే మనిషి రెండు పనులూ చేసినా సరే, లెక్కలు మాత్రం రెండు ఉండాలి.

మాది మహేశ్వరం. తాతల నాటి నుంచి వడ్ల పని. అక్కన్న మాదన్నలు కట్టించారని చెప్పుకునే శివగంగ గుడికి దగ్గరలో మా ఇల్లు. పాత వీధుల్లో మా నాన్న ఉలి పట్టి చేసిన దర్వాజలు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. 2008 మార్చిలో శంషాబాద్‌లో విమానాశ్రయం మొదలయ్యాక ఈ చుట్టుపక్కల ఊళ్లన్నీ మారిపోయాయి. తుక్కుగూడ దగ్గర అవుటర్ రింగ్ రోడ్డు దిగి మా ఊరి వైపు వస్తుంటే రెండు పక్కలా వెంచర్లు, ప్రహరీలు, ఫామ్‌హౌస్‌లు కనిపిస్తాయి. కొత్త ఇళ్లకు తలుపులు తయారుగా షోరూముల నుంచి వస్తున్నాయి. నా చేతికి వచ్చేవి ఎక్కువగా పాతవే: గూన పెంకుల ఇళ్ల అరుగుల మీది గుంజలు, వీధి దర్వాజలు, కిటికీలు, చూరు కింద బయటికి పొడుచుకొచ్చిన వాసాల కొసలు. ఫామ్‌హౌస్ వాళ్లు కూడా కూలగొట్టిన ఇళ్ల నుంచి టేకు గుంజలు కొని తెచ్చి వరండాల్లో నిలబెడుతున్నారు. వాటినీ రంగుకు, పాలిష్‌కు సిద్ధం చేయాలి. బయట ఎండా వానా తగిలే కట్టె ఎక్కడున్నా దాని తిప్పలు ఒకటే.

అసలు రంగు ఎందుకు ఊడుతుందో తెలిస్తే సగం పని అయినట్టే. కట్టె నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, ఆరి ముడుచుకుంటుంది. పొడవు వైపు ఈ మార్పు లెక్కలోకి రానంత తక్కువ, అడ్డం వైపే ఎక్కువ. మా ఊళ్లో ఈ ఉబ్బడం, ముడుచుకోవడం గట్టిగానే ఉంటుంది. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ వాళ్లు, ఫ్రెంచి శాస్త్రవేత్తలు కలిసి భూగర్భ జలాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసింది మా మహేశ్వరం వాగుల పరీవాహక ప్రాంతంలోనే. సుమారు 53 చదరపు కిలోమీటర్ల ఆ నేల మీద ఏడాదికి పడే వాన 750 మిల్లీమీటర్ల దాకా ఉంటుందని, అందులో 90 శాతానికి పైగా వానాకాలంలోనే పడుతుందని వాళ్లు లెక్క కట్టారు. ఎండకు, గాలికి ఆవిరి చేయగల శక్తి మాత్రం ఏడాదికి 1,800 మిల్లీమీటర్ల వరకు ఉంటుంది. వాళ్లు చూసింది బోర్ల నీటి కోసం. నాకు ఆ అంకెల్లో దర్వాజలు కనిపిస్తాయి. నాలుగు నెలలు తడిసి ఉబ్బిన కట్టె మిగతా ఎనిమిది నెలలు ఎండి బిగుసుకుంటుంది. పాతబడ్డ ఎనామిల్ పొర గట్టిపడి, సాగే గుణం పోగొట్టుకుని ఉంటుంది. కింద కట్టె కదిలినప్పుడు పైన పొర కదలలేక చిట్లుతుంది. వెంట్రుక మందం చీలిక చాలు, వాన నీళ్లు లోపలికి దిగుతాయి. దిగిన నీళ్లకు బయటికి రావడానికి రంగు అడ్డం. ఎండ తగలగానే అవి ఆవిరై పొరను లోపలి నుంచి పైకి నెడతాయి. అదే పొక్కు.

పొక్కును చూసి విసుక్కోకుండా బ్లేడుతో కోసి లోపల ఏముందో చూడండి. అడుగున ఉత్త కట్టె కనిపిస్తే, ముఖ్యంగా అది తడిగా, నల్లగా ఉంటే, నీళ్లు వెనుక నుంచో కింద నుంచో వస్తున్నట్టు. ఆ దారి మూయకుండా ఎన్ని డబ్బాలు పూసినా దండగే. అడుగున పాత రంగు శుభ్రంగా కనిపిస్తే కట్టెకు రోగం లేదు. పై పొరను మురికి మీదో, జిడ్డు మీదో, మండే ఎండలోనో వేశారన్నమాట. మొసలి వీపులా గళ్లు గళ్లుగా పగిలి ఉంటే ఏళ్ల తరబడి పొర మీద పొర వేసి మందం పెంచేశారు. దాన్ని పూర్తిగా తీసేయడం తప్ప మార్గం లేదు. బాగానే ఉన్నట్టు కనిపించే చోట కూడా ఒక పరీక్ష చేస్తాను. బ్లేడుతో చిన్న గుణకారం గుర్తు గీసి, దాని మీద గట్టి అతుకు టేపు నొక్కి, ఒక్కసారిగా లాగుతాను. టేపుకు రంగు అంటుకొస్తే ఆ పాత పొర కొత్త రంగు బరువు మోయలేదు.

నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయో కనిపెట్టడానికి మంచి కాలం వానాకాలం. రంగు వేయడానికి పనికిరాని కాలం కూడా అదే. మృగశిర కార్తె వానల్లో ఒకసారి గొడుగు పట్టుకుని ఇంటి ముందు నిలబడి చూడండి. చూరు నీళ్లు గుంజ మీద పడుతున్నాయా? పగిలిన పెంకు నుంచి కారి దర్వాజ తల మీదికి వస్తున్నాయా? కిటికీ కింది కట్టె మీద నీళ్లు నిలుస్తున్నాయా? చాక్‌పీస్‌తో గుర్తులు పెట్టుకోండి, లేదా ఫోన్‌లో ఫోటోలు తీసుకోండి. రంగు పని మొదలయ్యేసరికి పెంకు మార్చి, చూరు సవరించి, నీళ్లు పడే దారిని మళ్లించి ఉండాలి.

వాన ఒక్కటే కాదు. మా ఇళ్లలో దర్వాజకు రోజూ నీళ్లు తగులుతాయి. గుడి వీధిలో ఒక ఇంటి దర్వాజ చూడడానికి వెళ్లాను. గోధుమ రంగు ఎనామిల్ నిండుగా ఉంది, ఎక్కడా పెచ్చు లేదు. ఇంటి అవ్వ, "పైన పైన జర రంగు కొడితె సాలు బిడ్డా, గట్టి టేకు, మా మామ కాలం నాటిది" అంది. స్క్రూడ్రైవర్ మొనతో కాళ్ల మీద పై నుంచి కిందికి నొక్కుకుంటూ వచ్చాను. జానెడు ఎత్తు దాకా మొన దిగలేదు. గడపకు నాలుగు వేళ్ల ఎత్తులో ఎడమ కాలు మీద నొక్కేసరికి పిడి దాకా లోపలికి పోయింది. పైన రంగు పెంకులా నిలబడి ఉంది, లోపల కట్టె నల్లగా నానిపోయి గోటితో గీస్తే ముద్దగా ఊడివస్తోంది. అవ్వ నోట మాట లేదు.

"అవ్వా, సాంపి చల్లేటప్పుడు ఏ దిక్కు నుంచి చల్లుతవు?" అని అడిగాను. చేత్తో చూపించింది. కుడిచేతి వాటం. నీళ్లు వీధి వైపు నుంచి వచ్చి ఎడమ కాలు మీదే పడుతున్నాయి. ఏళ్ల తరబడి ప్రతి పొద్దూ పడ్డాయి. దానికి తోడు అరుగు మీద సిమెంటు చేయించినప్పుడు మేస్త్రి దర్వాజ కాలు చుట్టూ సిమెంటు పోసి బిగించాడు. కట్టె కోసిన కొస నీళ్లు పీల్చినంతగా దాని చదును వైపు పీల్చదు. ఆ కొసే సిమెంటు గుంటలో కూర్చుంది. తాగిన నీళ్లు ఆరే దారి లేదు.

సాంపి, అంటే పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లడం, మానమని నేను ఎవరికీ చెప్పను, చెప్పినా వినరు, వినాల్సిన పనీ లేదు. ఆ దర్వాజకు చేసింది ఇది. కాలు చుట్టూ సిమెంటు కొట్టి తీశాను. మంచి కట్టె తగిలే దాకా పాడైన భాగం కోసేశాను. అడ్డంగా కోయకుండా బయటి వైపుకు వాలుగా కోశాను, అతుకు మీదికి వచ్చిన నీళ్లు లోపలికి పోకుండా బయటికి జారేటట్టు. కూలగొట్టిన కిటికీ నుంచి దాచిన పాత టేకు ముక్కను నార దిక్కు కలిసేలా అమర్చి, నీళ్లకు కరగని జిగురుతో అతికి, కట్టె చీలలు దిగ్గొట్టాను. కింది కొసకు టర్పెంటైన్‌తో పల్చన చేసిన ప్రైమర్‌ను అది ఇక తాగను అనే దాకా తాగించాను. రాతికి, కట్టెకు మధ్య రూపాయి బిళ్ల దూరేంత సందు వదిలాను. అరుగు సిమెంటును వీధి వైపుకు వాలు చేయించాను. ఆ అతుకు పెట్టిన పూటల్లో రంగు డబ్బా మూత కూడా తీయలేదు. కానీ ఆ దర్వాజకు జరిగిన అసలు పని అదే.

గడప సంగతి ఇంకో రకం. శుక్రవారం పసుపు, కుంకుమ, పండగలకు నూనె దీపం. గూటి దగ్గర మసి, గొళ్లెం చుట్టూ చేతుల జిడ్డు. నూనె పట్టిన కట్టె మీద రంగు నిలవదు, ఉప్పు కాగితం పట్టినా లాభం లేదు. రుద్దే కొద్దీ నూనె ఇంకా లోపలికి దిగుతుంది. ముందు వేడి నీళ్లలో కొద్దిగా చాకలి సోడా కలిపి, నార బ్రష్‌తో కట్టె నార వెంబడి రుద్ది, రెండు మూడు సార్లు మంచి నీళ్లతో తుడవాలి. ఆరాక తిన్నర్‌లో ముంచిన తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకు మరక అంటుకోకుండా ఉండే దాకా గుడ్డలు మార్చుకుంటూ పోవాలి. టేకుకు ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే దాని ఒంట్లోనే నూనె ఉంది. చెదలు టేకును తేలిగ్గా తినకపోవడానికి దానిలోని ఈ సహజ పదార్థాలే కారణం, కొత్తగా చిత్రిక పట్టిన టేకు మీద ప్రైమర్ సరిగ్గా పట్టకపోవడానికీ అవే కారణం. కొందరు పాత రంగు తీయడానికి కాస్టిక్ సోడా పూస్తారు. టేకు నల్లబడిపోతుంది, నార లేస్తుంది. నేను వాడను.

ఇప్పుడు అన్నిటికన్నా గట్టిగా చెప్పాల్సిన మాట. పాత రంగును పొడిగా గీకకండి, కాల్చకండి.

ఒక దర్వాజ గొళ్లెం పక్కన పట్టీతో మెల్లగా గీస్తే పొరలన్నీ బయటపడతాయి. పైన గోధుమ రంగు, దాని కింద నీలం, దాని కింద ఆకుపచ్చ, అడుగున పసుపు. ఆ పసుపులోనూ ఆకుపచ్చలోనూ సీసం ఉండే అవకాశం ఎక్కువ. క్రోమ్ పసుపు అనేది సీసంతో చేసిన రంగు, దానికి నీలం కలిపితే పాత కాలపు ఆకుపచ్చ. మన దేశంలో ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లు మించకూడదని కేంద్రం 2016లో నియమాలు తెచ్చింది. 2017 నవంబరు 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. డబ్బా మీద ఆ మాట ముద్రించి ఉండాలి, కొనేటప్పుడు చూసుకోండి. అంతకు ముందు వేసిన రంగులో ఎంత సీసం ఉందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. అందుకని 2017కు ముందు రంగు వేసిన ప్రతి దర్వాజలో సీసం ఉందనుకునే నేను పని మొదలుపెడతాను.

సీసం శరీరంలోకి ఎంత తక్కువ పోయినా క్షేమమని చెప్పే హద్దు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ చిన్నపిల్లల మెదడుకు. పాకే పిల్లాడు మొదట చెయ్యి ఆనించేది గడప మీద, ఆ చెయ్యి పోయేది నోట్లోకి. గడపకు మనం వేసే రంగేమో పసుపు. ఈ మాట చెప్పినప్పుడల్లా ఇంట్లో ఆడవాళ్లు వెంటనే అర్థం చేసుకుంటారు. మగవాళ్లు "ఇన్నేండ్లు ఏం గాలేదు కదా" అంటారు. సీసం చేసే నష్టం పైకి జ్వరంలా కనిపించదు. పిల్లల చదువులో, నడవడిలో కనిపిస్తుంది. అప్పుడు దానికీ గడపకూ ముడి పెట్టే వాళ్లెవరూ ఉండరు.

మా మేనల్లుడు అమెరికాలో న్యూజెర్సీలో పాత ఇల్లు కొన్నాడు. గోడలు కూడా బయటి నుంచి చెక్క పలకలే. రంగు పెచ్చులు లేస్తున్నాయని వీడియో కాల్‌లో చూపించాడు. ఆ దేశంలో ఇళ్లకు సీసం రంగులను 1978లో నిషేధించారు. అంతకు ముందు కట్టిన ఇంట్లో కూలికి రంగు పని చేసేవాళ్లు దానికి ప్రత్యేకంగా శిక్షణ పొంది, సర్టిఫికెట్ ఉన్న సంస్థ తరఫునే చేయాలని 2010 నుంచి నియమం అమల్లో ఉంది. నేల మీద ప్లాస్టిక్ పరిచి, దుమ్ము బయటికి పోకుండా కట్టుదిట్టం చేసి గీకుతారు. "మామా, గీకుడుకే రంగు కన్న ఎక్కువ అడుగుతున్నరు" అని వాడు వాపోయాడు. అది అన్యాయం కాదని, ఇవ్వమని చెప్పాను. నేను మా ఊళ్లో అడిగేదీ అదే కదా.

ఇక్కడ మనల్ని అడిగేవాళ్లు లేరు కాబట్టి మనమే జాగ్రత్త పడాలి. గీకే పూట పిల్లలను, కడుపుతో ఉన్నవాళ్లను ఆ ఇంట్లో ఉంచకండి. తిండి గిన్నెలు, మంచినీళ్ల బిందెలు లోపల పెట్టేయండి. కోళ్లను గంప కింద మూయండి, పెచ్చులు పొడుక్కు తింటాయి. కింద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరవండి. సీసాతో నీళ్లు చిలకరించుకుంటూ తడిగా గీకండి, ఉప్పు కాగితం బదులు నీళ్లలో వాడే వాటర్ పేపర్ పట్టండి. కరెంటు మిషన్‌తో పొడిగా రుద్దితే దుమ్ము ఇల్లంతా పోతుంది. బ్లో ల్యాంప్ మంట పెడితే పని తొందరగా అవుతుంది కానీ ఆ వేడికి సీసం ఆవిరై పీల్చే గాలిలో కలుస్తుంది. టేకు కమిలిపోయి మసి బారుతుంది కూడా. గుడ్డ కట్టుకుంటే చాలదు, ఎన్95 మాస్క్ పెట్టుకోవాలి. సాయంత్రం పని బట్టలు ఇంటి బట్టలతో కలిపి ఉతకకూడదు. పెచ్చులన్నీ పట్టాతో సహా చుట్టి సంచిలో కట్టాలి. చీపురుతో ఊడ్చి పెంటకుప్ప మీద వేయడం, పొయ్యిలో పడేయడం చేయకూడదు.

గట్టిగా పట్టుకుని ఉన్న పాత రంగును తీయాల్సిన అవసరం లేదు. ఊడే దాన్ని తీసి, ఊడని దాని అంచును కట్టెతో సమానంగా కలిసేలా రుద్దితే చాలు. అంచు మీద వేలు ఆడిస్తే మెట్టు తగలకూడదు. మొదట 80 నంబరు కాగితం, తర్వాత 120. ఎప్పుడూ నార వెంబడే. రంగు వేసే కట్టెకు అంతకన్నా నునుపు అక్కర్లేదు, పట్టు తగ్గుతుంది. పాలిష్ పని అయితే 220 దాకా వెళ్తాను.

ఎండకు బూడిద రంగుకు తిరిగిన కట్టె మీద రంగు వేయకూడదు. ఎండలోని అతినీల కిరణాలు కట్టెలో నారను పట్టి ఉంచే లిగ్నిన్‌ను తినేస్తాయి. పైన మిగిలేది వదులు నార. రంగు ఆ నారకు అతుక్కుని, దానితో పాటే ఊడివస్తుంది. అమెరికాలోని మాడిసన్ ఊళ్లో 1910 నుంచి కట్టె మీదే పరిశోధనలు చేసే ఫారెస్ట్ ప్రాడక్ట్స్ లాబొరేటరీ ఉంది. ఉత్త కట్టెను కొన్ని వారాలు ఎండా వానల్లో ఉంచి ఆ తర్వాత రంగు వేస్తే పట్టు బాగా తగ్గిపోతుందని వాళ్ల పరీక్షల్లో తేలింది. అందుకే గీకిన దర్వాజను "మంచి రోజు చూసి రంగేద్దాం" అని నెల రోజులు వదిలేయొద్దు. బూడిద రంగంతా పోయి లోపలి అసలు వన్నె తేలే దాకా రుద్ది, ఆరగానే ప్రైమర్ కొట్టేయండి. మంచి రోజు చూసుకోవాలంటే పైరంగుకు చూసుకోండి.

ఆరడం అంటే ఎంత? తేమ కొలిచే చిన్న మీటరు దొరుకుతుంది, రెండు సూదులు కట్టెలో గుచ్చితే శాతం చూపిస్తుంది. 15 శాతం లోపు వస్తేనే నేను ప్రైమర్ ముట్టుకుంటాను. మీటరు లేని చోట కాగితమే చెబుతుంది. రుద్దినప్పుడు పొడి గాలికి ఎగిరిపోతే ఆరినట్టు, కాగితానికి ముద్దగా అంటుకుంటే ఇంకా తడి ఉన్నట్టు. కొసలు, కీళ్లు చివరికి ఆరుతాయి, అక్కడే చూడాలి. మధ్యలో చూసి మురిసిపోకండి.

ఇక్కడే దసరాతో పేచీ. నైరుతి రుతుపవనాలు తెలంగాణను వదిలేది దాదాపు అక్టోబరు నడిమిలో. ఏడాదంతటిలో కట్టె నిండా తడి ఉండే రోజులవి. ఊరంతా రంగులు వేయించేదీ అప్పుడే. గోడకు సున్నం దసరాకు వేయించుకోండి, దర్వాజను ఆగనివ్వండి. దీపావళి దాటాక గీకుడు మొదలుపెడితే సంక్రాంతికి ఇల్లు మెరుస్తుంది, మాఘమాసంలో లగ్గం ఉన్నా ఇబ్బంది ఉండదు. చలికాలం పొద్దున మంచు పడుతుంది కాబట్టి తొమ్మిది, పది గంటలకు కట్టె పొడిబారాకే బ్రష్ పట్టాలి, సాయంత్రం చల్లబడక ముందే ఆపాలి. ఎండాకాలంలో చేయాల్సి వస్తే నీడను పట్టుకుని పోవాలి. తూర్పు దర్వాజకు మధ్యాహ్నం తర్వాత, పడమటి దర్వాజకు పొద్దున. మండే కట్టె మీద రంగు పైన ఆరి లోపల పచ్చిగా ఉండి పొక్కుతుంది.

ప్రైమర్ ముందా, లప్పం ముందా అన్న తగవు ప్రతి ఇంట్లో వస్తుంది. ప్రైమర్ ముందు. పచ్చి కట్టె మీద లప్పం పెడితే దానిలోని నూనెను కట్టె తాగేస్తుంది. మిగిలిన పొడి కొన్నాళ్లకు రాలిపోతుంది. గోడలకు వాడే తెల్ల సిమెంటు పుట్టీని మిగిలింది కదా అని దర్వాజకు పెట్టే వాళ్లున్నారు. అది గోడతో పాటు కదలకుండా ఉండేది, కట్టెతో పాటు కదలలేదు. బయటి కట్టెకు నూనె లప్పమే. లోతు గుంట అయితే లప్పంతో నింపకుండా కట్టె ముక్క అతకాలి. కట్టె కన్నుల మీద జిగురు ఊరుతుంటే స్పిరిట్‌లో కరిగించిన లక్క ఒక చేయి పూసి, ఆ తర్వాత ప్రైమర్. మేకుల తలలు లోపలికి దిగ్గొట్టి, వాటి మీద రెడ్ ఆక్సైడ్ చుక్క పెట్టాలి, లేకపోతే తుప్పు మరక ఎన్ని చేతులు వేసినా పైకి వస్తుంది.

తలుపు పైఅంచు, కింది అంచు ఎవరికీ కనిపించవు కాబట్టి ఎవరూ రంగు వేయరు. నేను తలుపు కీళ్ల నుంచి దించి, బల్ల మీద పడుకోబెట్టి, మొదట ఆ రెండు అంచులకే ప్రైమర్ తాగిస్తాను. వానాకాలంలో తలుపు ఉబ్బి గడపకు ఒరుసుకుంటే రందా పట్టి తీసేస్తాం, తీసిన చోట పచ్చి కట్టె తేలుతుంది. ఆ రోజే అక్కడ రంగు తాకించకపోతే మళ్లీ ఏడు అదే చోట ఇంకా ఎక్కువ ఉబ్బుతుంది. అవిసె నూనె వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. ఆ నూనె తుడిచిన గుడ్డలను కుప్పగా పడేస్తే వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్ల బకెట్లో ముంచండి.

పని ఒప్పుకునేటప్పుడు నేను ఒక కాగితం రాసిస్తాను. గీకుడు, కడుగుడు, అతుకులు ఎన్ని రోజులైతే అన్ని రోజుల కూలి. ఆరబెట్టే రోజులకు కూలి లేదు, కానీ ఆ రోజుల్లో రంగు వేయమని ఒత్తిడి చేయకూడదు. ప్రైమర్ అయ్యాక ఇంటివాళ్లు వచ్చి చూడాలి. గోటితో గీస్తే లేవకూడదు, కొసలన్నిటికీ తాగి ఉండాలి, ఎక్కడా కట్టె పచ్చిగా కనిపించకూడదు. చూసి సరే అన్న తర్వాతే పైరంగు గుత్త మొదలు. ఆ మధ్య ఒక పెద్దమనిషి ఆ కాగితం చదివి, "రంగు మాట ఆఖర్న ఒక్క లైన్లనే ఉన్నది కదనే చారీ" అన్నాడు. అవునన్నాను. సంతకం పెట్టి, గీకుడు కూలికి బయానా ఇచ్చాడు.